వార్తలకు వేసే ఓట్లలోనూ రిగ్గింగ్: సామాజిక వార్తా వేదికల్లో లెక్క ఎక్కడ తప్పుతుంది?

వసంత్ కుంజ్ (న్యూఢిల్లీ): 2023 జూలైలో హైదరాబాద్ నగర పోలీసులు రూ.712 కోట్ల మేర సాగిన ఒక సైబర్ మోసాన్ని బయటపెట్టారు. దేశవ్యాప్తంగా కనీసం 15 వేల మంది ఇందులో చిక్కుకున్నారని, సూత్రధారులు చైనాలో ఉన్నారని వెల్లడించి, తొమ్మిది మందిని అరెస్టు చేశారు. దర్యాప్తునకు దారితీసిన ఫిర్యాదు నగరవాసి ఒకరిది. ఆయన పోగొట్టుకున్న మొత్తం సుమారు రూ.28 లక్షలు. టెలిగ్రామ్‌లో వచ్చిన ప్రతిపాదనతో వ్యవహారం మొదలైంది. ఇంట్లో కూర్చుని రేటింగులు, సమీక్షలు ఇస్తే డబ్బు చెల్లిస్తామన్నది దాని సారాంశం. తొలుత రూ.1,000 కట్టి ఐదు నక్షత్రాల రేటింగులు ఇచ్చినందుకు రూ.866 లాభం చేతికి అందింది. అక్కడ నమ్మకం కుదిరాక, విడతలవారీగా పెద్ద మొత్తాలు కట్టించుకున్నారు.

ఈ ఎరను చదువుకున్నవారు సైతం నమ్మడానికి ఒక కారణం ఉంది. అటువంటి పని లోకంలో నిజంగానే ఉంది. ఇంటర్నెట్‌లో ఓటు, లైకు, నక్షత్రం అన్నీ సరుకులే. వాటిని కొనేవారున్నారు, అమ్మేవారున్నారు, మధ్యవర్తులూ ఉన్నారు. ఈ వ్యాపారం మొదట స్పష్టమైన రూపం దాల్చింది సినిమా రేటింగుల దగ్గరో, హోటళ్ల సమీక్షల దగ్గరో కాదు. వార్తలకు పాఠకులే ఓట్లు వేసి ప్రాధాన్యం నిర్ణయించే వెబ్‌సైట్లలో. ఇరవై ఏళ్ల కిందట అక్కడ జరిగినదే నేడు ప్రతి రేటింగు వెనుకా వేర్వేరు పేర్లతో జరుగుతోంది.

ఓటు సంపాదకుడి స్థానంలోకి వచ్చిన తీరు

వార్తాసంస్థలో ఏ వార్త ముందు వెళ్లాలో, ఏది ఆగాలో డెస్కు నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయంలో పొరపాట్లు ఉంటాయి, ఇష్టాయిష్టాలు ఉంటాయి. అయితే అది ఎవరి నిర్ణయమో తెలుస్తుంది. సామాజిక వార్తా వేదికలు ఈ అధికారాన్ని పాఠకుల చేతికి ఇచ్చాయి. అమెరికాలో 1997లో మొదలైన స్లాష్‌డాట్ పాఠకుల వ్యాఖ్యలకు తోటి పాఠకులే మార్కులు వేసే పద్ధతిని అలవాటు చేసింది. 2003లో వచ్చిన డెలిషస్ మరో దారి పట్టింది. అక్కడ ఎవరూ ఓటు వేయరు. తమకు నచ్చిన లింకును బుక్‌మార్క్‌గా దాచుకుంటారు. ఎక్కువమంది దాచుకున్న లింకు ప్రజాదరణ పొందిన జాబితాలోకి చేరుతుంది. అంటే దాచుకోవడమే ఓటు అయింది. 2004 డిసెంబరులో కెవిన్ రోజ్ బృందం ప్రారంభించిన డిగ్, 2005 జూన్‌లో స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ ప్రారంభించిన రెడిట్ ఓటునే కేంద్రంగా చేసుకున్నాయి. 2007లో ప్రోగ్రామర్ల కోసం హ్యాకర్ న్యూస్ వచ్చింది.

రెడిట్ తొలినాళ్ల గురించి ఒక ముచ్చట చెప్పుకోవాలి. వేదిక ఖాళీగా కనిపించకూడదని వ్యవస్థాపకులే అనేక కల్పిత పేర్లతో ఖాతాలు తెరిచి లింకులు పెట్టేవారమని హఫ్‌మన్ తర్వాతి కాలంలో స్వయంగా చెప్పారు. దొంగ ఖాతాలపై నేడు అత్యంత కఠినంగా వ్యవహరించే వేదికల్లో ఒకటి ఆ విధంగా మొదలైంది.

జనం తీర్పుపై ఇంత నమ్మకం ఎందుకన్న ప్రశ్నకు పాత ఉదాహరణ ఒకటి తరచూ వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో జరిగిన పశువుల ప్రదర్శనలో ఒక ఎద్దు మాంసం ఎంత తూగుతుందో ఊహించే పోటీ పెట్టారు. వచ్చిన 787 చీటీలను శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ పరిశీలించి 1907లో 'నేచర్' పత్రికలో ఫలితం ప్రకటించారు. ఊహలన్నింటినీ వరుసలో పేర్చితే సరిగ్గా నడుమ నిలిచినది 1,207 పౌన్లు. అసలు బరువు 1,198 పౌన్లు. ఒక్క శాతం కూడా తేడా లేదు. అయితే ఈ కథ చెప్పేవారు ఒక షరతును మరిచిపోతుంటారు. ఆ 787 మంది పక్కవారి చీటీ చూసి రాయలేదు. ఎవరి ఊహ వారిది. జనం తీర్పుకు విలువ వచ్చేది జనం సంఖ్య వల్ల మాత్రమే కాదు, ఆ తీర్పులు ఒకదానిపై ఒకటి ఆధారపడకపోవడం వల్ల. వార్తా వేదికల్లో ప్రతి ఓటరుకూ తనకు ముందు ఎన్ని ఓట్లు పడ్డాయో కనిపిస్తూనే ఉంటుంది.

తొలి గంట విలువ

దీని ప్రభావం ఎంతో కొలిచిన ప్రయోగం ఒకటి ఉంది. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, శాన్ టేలర్ అనే పరిశోధకులు పేరు వెల్లడించని ఒక సామాజిక వార్తా వేదికపై ఐదు నెలలపాటు దీన్ని నిర్వహించి, 2013 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. మొత్తం 1,01,281 వ్యాఖ్యలను తీసుకుని, కొన్నింటికి పుట్టగానే ఒక అనుకూల ఓటు, కొన్నింటికి ఒక ప్రతికూల ఓటు యాదృచ్ఛికంగా వేశారు. మిగిలిన వాటిని ముట్టుకోలేదు. ఆ ఒక్క కృత్రిమ అనుకూల ఓటు వల్ల, తర్వాత చూసిన మొదటి పాఠకుడు కూడా అనుకూలంగా ఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి తేలిన సగటు రేటింగు 25 శాతం పెరిగింది. వింత ఏమిటంటే, కృత్రిమ ప్రతికూల ఓటును మాత్రం జనం సరిదిద్దేశారు. ఎవరినో అన్యాయంగా తగ్గించారనిపిస్తే మనం ఆదుకుంటాం. అన్యాయంగా పెంచారేమోనన్న అనుమానం సాధారణంగా రాదు.

మనసు సంగతి అలా ఉండగా, లెక్కల పద్ధతి కూడా తొలి ఓట్లకే పెద్దపీట వేస్తుంది. రెడిట్ 2008లో తన ప్రోగ్రామును బహిరంగపరచినప్పుడు మొదటి పేజీ వరుసక్రమాన్ని నిర్ణయించే సూత్రం అందరికీ తెలిసింది. అందులో ఓట్ల సంఖ్యను నేరుగా లెక్కించరు, దాని సంవర్గమానాన్ని తీసుకుంటారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, మొదటి 10 ఓట్లకు ఎంత బలమో, ఆ తర్వాతి 90 ఓట్లకు అంతే బలం. ఆపై 900 ఓట్లకూ అంతే. మరోవైపు కాలం గడిచేకొద్దీ కొత్త లింకులు పైకి వస్తాయి. 12.5 గంటల ఆలస్యాన్ని పూడ్చాలంటే పదిరెట్లు ఓట్లు కావాలి. తాజా వార్త పైన ఉండాలన్న సదుద్దేశంతో చేసిన ఏర్పాటు ఇది. అయితే మోసగాడి కోణంలో చూస్తే లెక్క వేరు. వేలాది ఓట్లు కొననక్కర్లేదు. మొదటి పది నిమిషాల్లో పది ఓట్లు వేయించగలిగితే లింకు పదిమంది కంట పడుతుంది. అక్కడి నుంచి పనంతా అసలైన పాఠకులే చేసిపెడతారు.

దొంగ ఓట్లలో రెండు జాతులు

'రిగ్గింగ్' అనే మాట అనువాదం అవసరం లేకుండానే తెలుగు పత్రికల్లో స్థిరపడింది. 'దొంగ ఓటు' మాత్రం మన సొంత పదబంధం. ఇంగ్లిష్‌లో మారుపేరు ఖాతాను 'సాక్ పపెట్' అంటారు. మేజోడును చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మ అని అర్థం. మన మాట ఓటును నిందిస్తుంది, వారి మాట లోపలి చేతిని గుర్తుచేస్తుంది. ఈ విషయానికి వస్తే రెండు మాటలూ అవసరమే. ఎందుకంటే ఇక్కడి మోసం రెండు విధాలు.

మొదటిది, ఒకే మనిషి అనేకులుగా కనిపించడం. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని 'సిబిల్ దాడి' అంటారు. (బ్యాంకు రుణాల సమయంలో వినిపించే సిబిల్ స్కోరుతో దీనికి ఏ సంబంధమూ లేదు.) ఒకే శరీరంలో అనేక వ్యక్తిత్వాలున్న మహిళ గురించి 1973లో అమెరికాలో వెలువడిన పుస్తకం పేరు ఇది. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జాన్ డౌసర్ 2002లో రాసిన పత్రంతో ఈ పేరు శాస్త్రంలోకి వచ్చింది. ప్రతి గుర్తింపునూ ధ్రువీకరించే కేంద్ర వ్యవస్థ లేనిచోట ఇటువంటి దాడిని పూర్తిగా అరికట్టడం ఆచరణలో సాధ్యం కాదని ఆయన నిరూపించారు. మన ఎన్నికల్లో ఓటరు జాబితా ఉంది, గుర్తింపు కార్డు ఉంది, 1962 నుంచి మైసూరు కర్మాగారంలో తయారవుతున్న చెరగని సిరా ఉంది. అయినా దొంగ ఓట్ల ఆరోపణలు ఆగలేదు. ఒక ఈమెయిల్ చిరునామాతో ఖాతా తెరిచే వెబ్‌సైటులో పరిస్థితిని ఊహించుకోవచ్చు.

రెండవది, అనేకులు ఒకే మనిషిలా ఓటు వేయడం. ఖాతాలన్నీ నిజమైనవే. ప్రతి ఖాతా వెనుకా ఒక మనిషి ఉంటాడు. కానీ 'నా లింకుకు నువ్వు వేయి, నీ లింకుకు నేను వేస్తాను' అన్న ఒప్పందం నడుస్తుంది. దీన్నే ఓట్ల కూటమి అంటారు. పనివాళ్లకు రోజుకూలీ ఇచ్చి వరుసగా పేర్చిన ఫోన్లలో మీటలు నొక్కించే క్లిక్ ఫార్మ్ దీనికి వ్యాపార రూపం. మొదటి రకాన్ని సాంకేతికంగా కొంతవరకు పట్టుకోవచ్చు. రెండవ రకంలో స్నేహం ఎక్కడ ముగుస్తుందో, కుట్ర ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం. రచయిత తన కొత్త వ్యాసం లింకును వాట్సాప్‌లో మిత్రులకు పంపి 'చూసి ఒక ఓటు వేయండి' అంటే అది ఏ కోవలోకి వస్తుంది? రెడిట్ నియమాల ప్రకారం అది కూడా ఓట్ల తారుమారే.

డిగ్: ఒక వేదిక పతనం

ఈ రెండు జాతులకూ పూర్తి పాఠం డిగ్ చరిత్రలో దొరుకుతుంది. 2006 నాటికి డిగ్ మొదటి పేజీలో చోటు దక్కితే చిన్న వెబ్‌సైట్ల సర్వర్లు సందర్శకుల తాకిడికి కుప్పకూలేవి. సందర్శకులంటే ప్రకటనల ఆదాయం. కాబట్టి మొదటి పేజీకి ధర పలకడం మొదలైంది.

ఎవరెన్ని లింకులను మొదటి పేజీకి చేర్చారన్న లెక్కతో అగ్రశ్రేణి సభ్యుల జాబితాను డిగ్ బహిరంగంగా ప్రదర్శించేది. ప్రోత్సాహం కోసం పెట్టిన ఆ జాబితా ఒక వర్గాన్ని తయారుచేసింది. అగ్ర సభ్యులు పరస్పరం మిత్రులుగా చేరి, ఒకరి లింకులకు మరొకరు ఓట్లు వేసుకునేవారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు క్రిస్టినా లెర్మన్ ఈ ఓట్ల జాడను విశ్లేషించారు. సభ్యులు తమ మిత్రులు పెట్టిన, మిత్రులు మెచ్చిన లింకులకే ఎక్కువగా ఓటు వేస్తున్నారని ఆమె అధ్యయనంలో తేలింది. తర్వాతి అధ్యయనం మరో ఆసక్తికరమైన అంశాన్ని బయటపెట్టింది. తొలి ఓట్లు మిత్రవర్గం నుంచే వచ్చిన లింకు అంత దూరం పోదు. పరిచయం లేనివారి నుంచి వచ్చిన తొలి ఓట్లే రాబోయే ఆదరణకు సరైన సూచిక. గాల్టన్ చీటీల దగ్గర చెప్పుకున్న షరతే ఇది, మరో రూపంలో.

2006 సెప్టెంబరులో డిగ్ తన అల్గారిథమ్‌ను మార్చింది. ఎన్ని ఓట్లన్నదే కాక, ఆ ఓట్లు ఎంత భిన్నమైన వ్యక్తుల నుంచి వచ్చాయన్నదీ లెక్కలోకి తీసుకుంటామని కెవిన్ రోజ్ ప్రకటించారు. అగ్ర సభ్యులు దీన్ని అవమానంగా భావించి నిరసన తెలిపారు. కొందరు వెళ్లిపోయారు. అంతకు ముందే, ఆ ఏడాది వేసవిలో, ప్రత్యర్థి వేదిక నెట్‌స్కేప్‌ను నడుపుతున్న జేసన్ కలకానిస్ ఇటువంటి సభ్యులకు నెలకు 1,000 డాలర్లు ఇస్తాం, మా దగ్గరకు రండని బాహాటంగా పిలిచారు. ఉచితంగా శ్రమిస్తున్న వారికి జీతం ఇవ్వడంలో తప్పేముందన్నది ఆయన వాదన. ఆ వాదనలో పస లేకపోలేదు. కాకపోతే అప్పటివరకు అభిరుచిగా కనిపించిన పనికి మార్కెట్ ధర ఎంతో అందరికీ తెలిసిపోయింది. 2007 ఫిబ్రవరిలో డిగ్ అగ్ర సభ్యుల జాబితాను తొలగించింది.

మరుసటి నెలలోనే అసలు దెబ్బ తగిలింది. జర్నలిస్టు అన్నాలీ న్యూయిట్జ్ కావాలనే పసలేని ఒక బ్లాగును తయారుచేసి, ఓట్లు అమ్మే సంస్థకు డబ్బు చెల్లించి, దాన్ని డిగ్‌లో జనాదరణ పొందిన లింకుగా నిలబెట్టారు. ఆ అనుభవాన్ని 'వైర్డ్'లో ప్రచురించారు. తొలి ఓట్లు కొన్నవి. తర్వాతివి అసలైన పాఠకులు వేసినవి. జనసమూహాల ఫొటోలపై అర్థంపర్థం లేని వ్యాఖ్యలున్న బ్లాగుకు వారెందుకు ఓటు వేశారంటే, అప్పటికే చాలామంది వేశారు కాబట్టి. చివరకు అనుమానించిన సభ్యులే దాన్ని కిందికి తోసేశారు. ఈ కథనాన్ని చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 'వైర్డ్' యాజమాన్య సంస్థ కాండే నాస్ట్ అప్పటికే డిగ్ ప్రత్యర్థి రెడిట్‌ను కొనుగోలు చేసి ఉంది.

పైకి తేవడమే కాదు, కిందికి తోయడమూ రిగ్గింగే. డిగ్‌లో నచ్చని లింకును పాతిపెట్టడానికి 'బరీ' అనే మీట ఉండేది. ఎవరు నొక్కారో బయటకు తెలిసేది కాదు. తమను డిగ్ పేట్రియట్స్ అని పిలుచుకున్న ఒక సంప్రదాయవాద బృందం, ఉదారవాద కథనాలను కూడబలుక్కుని పాతిపెడుతోందని 2010 ఆగస్టులో ఆల్టర్‌నెట్ అనే వార్తా వెబ్‌సైటు బయటపెట్టింది. అదే నెల చివర్లో డిగ్ కొత్త రూపంలో వచ్చింది. బరీ మీట పోయింది, దానితోపాటు సభ్యులకు అలవాటైన అనేక సౌకర్యాలూ పోయాయి. ప్రచురణ సంస్థలే తమ లింకులను నేరుగా చేర్చే ఏర్పాటు వచ్చింది. విసిగిన సభ్యులు రెడిట్‌కు తరలిపోయారు. 2012 జూలైలో డిగ్‌ను బీటావర్క్స్ సంస్థ సుమారు 5 లక్షల డాలర్లకే కొనుక్కున్నట్టు వార్తలు వచ్చాయి. 2025 మార్చిలో కెవిన్ రోజ్, రెడిట్ సహవ్యవస్థాపకుడు ఒహానియన్ కలిసి ఆ పేరును మళ్లీ కొన్నారు. ఒకప్పటి ప్రత్యర్థులు ఒక్కటవడం ఆ రంగంలో చాలామందిని ఆశ్చర్యపరిచింది.

రెడిట్ కట్టుకున్న కంచెలు

డిగ్ అనుభవం చూసిన రెడిట్, మోసగాడికి తన మోసం ఫలించిందో లేదో తెలియకుండా చేయడమే మేలైన రక్షణగా ఎంచుకుంది. తెరపై కనిపించే ఓట్ల సంఖ్యను స్వల్పంగా అటూ ఇటూ మార్చి చూపుతుంది. పేజీని మళ్లీ తెరిస్తే అంకె మారుతుంది. ఇరవై ఖాతాలతో ఓట్లు వేసినవాడికి ఎన్ని లెక్కకు వచ్చాయో అర్థం కాదు. అనుమానిత ఖాతాను నిషేధించినట్టు చెప్పకుండానే నిషేధించే పద్ధతి మరొకటి. ఆ ఖాతాదారు రాస్తూనే ఉంటాడు, ఓట్లు వేస్తూనే ఉంటాడు. తనకు తప్ప ఎవరికీ కనిపించడు. అనుకూల, ప్రతికూల ఓట్లను విడివిడిగా చూపడాన్ని 2014 జూన్‌లో ఆపేశారు. ఆ అంకెలు ఎలాగూ నిజమైనవి కావన్నది ఇచ్చిన కారణం. పారదర్శకతను కోరే పాఠకుడికి ఈ పద్ధతులు రుచించకపోవచ్చు. తాళం నమూనాను వీధిలో అంటించి పెట్టడం కుదరదన్నది నిర్వాహకుల సమాధానం.

ఈ కంచెకు చిక్కినవారిలో అందరికంటే పేరున్న సభ్యుడు 'యూనిడాన్'. జంతువులు, పక్షుల గురించి సరదాగా వివరిస్తూ రెడిట్‌లో ఎంతో అభిమానం సంపాదించిన జీవశాస్త్రవేత్త ఆయన. కాకుల వర్గీకరణపై ఒక వాగ్వాదం ముదిరిన సందర్భంలో, 2014 జూలైలో ఆయన ఖాతా నిషేధానికి గురైంది. ఐదు అదనపు ఖాతాలతో తన వ్యాఖ్యలకు అనుకూల ఓట్లు, వాదించినవారికి ప్రతికూల ఓట్లు వేసుకున్నట్టు తేలింది. ఆయనే ఒప్పుకున్నారు. లక్షల మంది మెచ్చే వ్యక్తికి ఐదు ఓట్లతో పనేమిటని అప్పట్లో చాలామంది విస్తుపోయారు. తొలి నిమిషాల్లో పడే ఐదు ఓట్లు ఆ తర్వాతి ఐదు వందలతో సమానమని ఆయనకు తెలుసు.

న్యాయస్థానం మెట్లెక్కిన లైకులు

వెబ్‌సైటు విధించగల గరిష్ఠ శిక్ష బహిష్కరణ. జైలుశిక్ష దాకా వెళ్లిన ఉదంతం దక్షిణ కొరియాలో ఉంది. అక్కడ అత్యధికులు వార్తలు చదివేది నేవర్ అనే పోర్టల్‌లో. అప్పట్లో ప్రతి వార్త కింద పాఠకుల వ్యాఖ్యలు, వాటికి అనుకూల, ప్రతికూల మీటలు ఉండేవి. ఎక్కువ అనుకూలత వచ్చిన వ్యాఖ్య పైకి చేరి, ప్రజాభిప్రాయంగా కనిపించేది. 2018 జనవరిలో శీతాకాల ఒలింపిక్స్‌కు ఉభయ కొరియాల ఉమ్మడి మహిళా ఐస్ హాకీ జట్టు వార్త కింద, ప్రభుత్వాన్ని విమర్శించే వ్యాఖ్యలకు అసహజ వేగంతో ఓట్లు పడ్డాయి. అధికార డెమొక్రటిక్ పార్టీయే ఫిర్యాదు చేసింది. తీరా పట్టుబడినవారు ఆ పార్టీ సభ్యులే.

'డ్రూకింగ్' అనే మారుపేరుతో రాసే బ్లాగర్ నడిపిన ఆ బృందం 'కింగ్‌క్రాబ్' అనే ప్రోగ్రాముతో, పోగేసిన వందలాది ఖాతాల ద్వారా మీటలు నొక్కించేది. 2017 అధ్యక్ష ఎన్నికల కాలంలో మూన్ జే-ఇన్‌కు అనుకూలంగా ఇదే పని జరిగినట్టు ప్రత్యేక దర్యాప్తులో తేలింది. కృత్రిమ క్లిక్కులు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. మూన్‌కు సన్నిహితుడైన దక్షిణ గ్యోంగ్‌సాంగ్ రాష్ట్ర గవర్నర్ కిమ్ క్యోంగ్-సూ ఇందులో పాలుపంచుకున్నారని న్యాయస్థానం నిర్ధారించింది. 2021 జూలైలో సుప్రీంకోర్టు ఆయన రెండేళ్ల శిక్షను ఖరారు చేయడంతో పదవి పోయింది. ఆయనపై రుజువైన నేరం పేరు గమనించదగినది: కంప్యూటర్ వ్యవస్థను వంచించి నేవర్ వ్యాపారానికి ఆటంకం కలిగించడం. ప్రజాభిప్రాయాన్ని నకిలీ చేసినందుకు నేరుగా వర్తించే సెక్షన్ లేక, పోర్టల్ వ్యాపారానికి కలిగిన నష్టాన్ని ఆధారం చేసుకోవలసి వచ్చింది. ఈలోగా నేవర్ ఒక్కో ఖాతా రోజుకు 50 వ్యాఖ్యలకే అనుకూలత తెలపాలని పరిమితి విధించింది.

మన దగ్గర

తెలుగు బ్లాగుల తొలినాళ్లలో కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినులు కొత్త టపాలను ఒకచోట చూపేవి. కొత్తది పైన, పాతది కింద అన్న కాలక్రమమే అక్కడి ప్రధాన సూత్రం కావడంతో ఓట్ల తగాదాకు పెద్దగా చోటు లేకపోయింది. హిందీలో అలా జరగలేదు. బ్లాగ్‌వాణి అనే సంకలినిలో 'పసంద్' మీట ఉండేది. ఆ లెక్కలను కొందరు కృత్రిమంగా పెంచుకుంటున్నారన్న వివాదం 2009లో రేగింది. నిర్వాహకులు మనస్తాపంతో కొద్దికాలం మూసి మళ్లీ తెరిచారు. 2010లో అది పూర్తిగా నిలిచిపోయింది. డిగ్‌లో మిలియన్ల డాలర్ల కోసం జరిగిన గొడవే కొద్ది వందల బ్లాగర్ల మధ్య, పైసా ఆదాయం లేనిచోట కూడా జరిగింది.

భారతదేశంలో ఈ వ్యవహారం జనబాహుళ్యానికి తెలిసింది యాప్ స్టోర్ల నక్షత్రాల ద్వారా. ఢిల్లీ పొరుగున గురుగ్రామ్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న స్నాప్‌డీల్ రెండుసార్లు ఈ తాకిడికి గురైంది. అసహనంపై నటుడు ఆమిర్ ఖాన్ చేసిన వ్యాఖ్యలకు నిరసనగా, ఆయన ప్రచారకర్తగా ఉన్న పాపానికి 2015 నవంబరులో ఆ యాప్‌కు ఒక్క నక్షత్రం రేటింగులు వెల్లువెత్తాయి. 2017 ఏప్రిల్‌లో జరిగినది మరీ విచిత్రం. భారత్ వంటి పేద దేశాలకు విస్తరించబోమని స్నాప్‌చాట్ అధిపతి అన్నారని ఒక మాజీ ఉద్యోగి దావాలో ఆరోపించారు, సంస్థ ఖండించింది. ఆగ్రహించిన భారతీయులు స్నాప్‌చాట్‌కు ఒక్క నక్షత్రం ఇవ్వడం మొదలుపెట్టారు. పేరు పోలిక వల్ల వారిలో కొందరి ఆగ్రహం స్నాప్‌డీల్‌పైకి మళ్లింది. 2020 మేలో యూట్యూబ్, టిక్‌టాక్ అభిమానుల పోరులో టిక్‌టాక్ రేటింగు నాలుగుకు పైనుంచి కొద్ది రోజుల్లోనే 1.3 ప్రాంతానికి పడిపోయింది. గూగుల్ లక్షల సంఖ్యలో సమీక్షలను తొలగించాక మళ్లీ పైకి లేచింది.

వీటిని దొంగ ఓట్లనవచ్చా? చాలా ఖాతాలు నిజమైనవి, కోపమూ నిజమైనదే. అయితే రేటింగు అడిగిన ప్రశ్న 'ఈ యాప్ ఎలా పనిచేస్తోంది?' అని. వారు సమాధానం చెప్పింది మరో ప్రశ్నకు. ఇవి మూక ఓట్లు. నిజమైన కోపాన్ని నకిలీ ఖాతాల నుంచి వేరుచేయడం గూగుల్ వంటి సంస్థకే కష్టమైనప్పుడు, తొలగింపులోనూ పొరపాట్లు తప్పవు. అన్యాయానికి గురైన వినియోగదారు ఇచ్చిన ఒక్క నక్షత్రం కూడా ఆ ఊడ్పులో పోతుంది.

తెలుగు పాఠకులకు మరింత దగ్గరి ఉదాహరణలు సినిమా రేటింగులు. 2024 సంక్రాంతికి విడుదలైన 'గుంటూరు కారం'కు బుక్‌మైషోలో బాట్ల ద్వారా వేలాది నకిలీ రేటింగులు పడ్డాయని, దీనిపై చిత్ర వర్గాలు సైబర్ నేర విభాగానికి ఫిర్యాదు చేశాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో 'ఫ్యామిలీ స్టార్'పై పనిగట్టుకుని సాగుతున్న దుష్ప్రచారం మీద కథానాయకుడి వర్గం పోలీసులను ఆశ్రయించింది. కేరళలో ఈ సమస్య 2023లోనే హైకోర్టుకు చేరింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నిర్మాతలు చేసే ప్రతి ఫిర్యాదూ నకిలీ ఓట్లకు రుజువు కాదు. చిత్రం నచ్చక తక్కువ మార్కులు వేసిన ప్రేక్షకుడిని కూడా కుట్రదారుగా చిత్రించే వెసులుబాటు ఇందులో ఉంది. అభిమాన సంఘాలు తమ కథానాయకుడి చిత్రానికి కూడబలుక్కుని పదికి పది వేసినప్పుడు ఫిర్యాదు చేసినవారు మాత్రం కనబడరు.

ఈ వ్యాసకర్త నివసించే వసంత్ కుంజ్‌లో ఇటీవల ఒక భోజనశాలలో బిల్లుతోపాటు క్యూఆర్ కోడ్ ముద్రించిన చిన్న అట్టను బల్లపై ఉంచారు. అక్కడే ఐదు నక్షత్రాలు ఇస్తే ఒక మిఠాయి ఉచితమని, ఫోన్ తెర చూపితే చాలని కుర్రవాడు వినయంగా చెప్పాడు. మిఠాయి బాగుంది. భోజనం గురించి ఆ మాట చెప్పలేను. నక్షత్రాలు మాత్రం ఐదూ ఇచ్చే వచ్చాను.

చట్టం ఎంతవరకు

ఇటువంటి ఉచిత మిఠాయిలను సైతం దృష్టిలో పెట్టుకున్న ప్రమాణం ఒకటి మన దేశంలో ఉంది. భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 19000:2022ను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 నవంబరులో విడుదల చేసింది. ఆన్‌లైన్ సమీక్షలను ఎలా సేకరించాలి, సమీక్షకుడి గుర్తింపును ఎలా సరిచూడాలి, ఎలా ప్రచురించాలి అన్నవి అందులో ఉన్నాయి. ప్రతిఫలం ఇచ్చి రాయించిన సమీక్షలను అది అంగీకరించదు. అయితే ఈ ప్రమాణం స్వచ్ఛందం. పాటించని వెబ్‌సైటుపై కేవలం ఆ కారణంతో చర్య ఉండదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతిగా నిరూపించగలిగితే అది వేరే విషయం. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరు నుంచి అమలులోకి తెచ్చిన నిబంధన మరింత సూటిగా ఉంది. నకిలీ సమీక్షలు కొనడం, అమ్మడంతోపాటు, బాట్ల ద్వారా తయారైన అనుచరులను, వీక్షణలను వ్యాపార ప్రయోజనం కోసం తెలిసి కొనడాన్నీ అది నిషేధించింది. వార్తలకు వేసే ఓట్లకు సంబంధించి ఇంత స్పష్టమైన నిబంధన మన దగ్గర లేదు.

ఓట్లు వేసే కూలీల వైపు నుంచి మాత్రం ప్రభుత్వం కదిలింది. టాస్కులు, పార్ట్‌టైమ్ ఉద్యోగాల పేరిట మోసాలకు పాల్పడుతున్న వందకు పైగా వెబ్‌సైట్లను 2023 డిసెంబరులో కేంద్రం నిలిపివేసింది. కేంద్ర హోంశాఖ పరిధిలోని భారత సైబర్ నేరాల సమన్వయ కేంద్రం సిఫార్సుపై ఈ చర్య తీసుకున్నారు. ఎక్కువగా పదవీ విరమణ చేసినవారు, మహిళలు, నిరుద్యోగ యువత ఈ వలలో పడుతున్నారని హోంశాఖ అప్పుడు పేర్కొంది. హైదరాబాద్ కేసులో మాదిరిగానే మొదట లైకులు, రేటింగులు, చిన్న మొత్తంలో చెల్లింపు. ఆపై పెట్టుబడి, ఆపై మౌనం. ఈ విధంగా డబ్బు పోగొట్టుకున్నవారు ఎంత త్వరగా 1930 నంబరుకు ఫోన్ చేస్తే, ఆ సొమ్ము ఖాతాలు మారకముందే నిలిపివేయడానికి అంత వీలుంటుంది.